కూలీ వారం వారం వస్తుంది, బిల్లులు నెల నెలా కట్టాలి. వీక్లీ ప్లానర్‌లో ఏం రాయాలి?

తెనాలి_టైలరింగ్

నమస్కారమండి. మాది తెనాలి. నేను ఇంట్లోనే జాకెట్లు, పిల్లల గౌన్లు కుడతాను. మా ఆయన ఎలక్ట్రీషియన్, ఒక కాంట్రాక్టరు దగ్గర రోజుకు 900 లెక్కన చేస్తారు. శనివారం సాయంత్రం వారం లెక్క చూసి డబ్బులిస్తారు. ఆరు రోజులూ పని ఉంటే 5,400. వానలు పడినా, సైటుకు ఇసుక రాకపోయినా నాలుగు రోజులే పని, అప్పుడు 3,600. నా కుట్టుపని మీద వారానికి 1,200 నుంచి 1,500 దాకా వస్తుంది. శ్రావణానికి, దసరాకి, సంక్రాంతికి ముందు ఇంకాస్త ఎక్కువ.

కట్టాల్సినవన్నీ నెల లెక్కలో ఉన్నాయి. అద్దె 5,500, 5వ తేదీలోపు ఇవ్వాలి. బండి ఈఎంఐ 2,800, 7న అకౌంట్లోంచి కట్ అవుతుంది. డ్వాక్రా వాయిదా, పొదుపు కలిపి 2,100, 10న. చీటీ 2,000, 15న. పాలకు 1,800, కరెంటుకు 800 దాకా, ఈ రెండూ 20లోపు కడతాం. బియ్యం, కిరాణా, కూరగాయలు, పెట్రోలు, ఫోన్ రీఛార్జి, అన్నీ కలిపి వారానికి 2,200 అవుతోంది. ఇవి కాక పాప స్కూలు ఫీజు ఏడాదికి 18,000, మూడు టర్ముల్లో కట్టాలి. టర్ము వచ్చిన నెలంతా టెన్షనే.

కిందటి నెల 7కి ముందు శనివారం కాంట్రాక్టరు డబ్బులివ్వలేదు, ఓనరు దగ్గర్నుంచి రాలేదన్నాడు. ఈఎంఐ బౌన్స్ అయింది. ఫైనాన్స్ వాళ్లు 590 వేశారు, బ్యాంకు వాళ్లు వేరేగా పట్టుకున్నారు. ఆ డబ్బుతో రెండు రోజుల ఇల్లు గడిచేది.

అందుకని స్టేషనరీ షాపులో ఒక వీక్లీ ప్లానర్ తెచ్చాను. సోమవారం నుంచి ఆదివారం దాకా ఏడు గళ్లు ఉన్నాయి. రోజూ రాత్రి ఖర్చులు రాస్తున్నాను. పాలకూర పది రూపాయలతో సహా రాస్తున్నాను. ఏం ఖర్చు పెట్టామో తెలుస్తోంది కానీ, 5వ తేదీ వచ్చేసరికి మళ్లీ తడుముకోవడమే. నెలాఖరు వారాల్లో చేతిలో డబ్బు బాగానే కనిపిస్తుంది, తీరా మొదటి వారంలో ఉండదు. వారం కూలీ మీద బతికేవాళ్లు ఎవరైనా ఇలాంటి పుస్తకం రాస్తున్నారా? ఎలా రాస్తున్నారో చెప్పండి.

మియాపూర్_కుర్రాడు

అక్కా, ఎక్స్‌పెన్స్ యాప్ ఏదైనా పెట్టుకోండి. బ్యాంకు మెసేజ్‌లు చదువుకుని ఖర్చులు అదే లెక్కేస్తుంది, రాసే పని ఉండదు. మీకు కూలీ నగదుగా వస్తుంది కాబట్టి అది మాత్రం చేత్తో ఎక్కించాలి. నేను ఉద్యోగంలో చేరినప్పటి నుంచి అదే వాడుతున్నాను.

వైరా_యానిమేటర్

చెల్లీ, మాది ఖమ్మం జిల్లా వైరా దగ్గర. మా ఊరి మహిళా సంఘాల పుస్తకాలు ఏళ్ల తరబడి రాశాను. మా ఇంట్లో కూడా వారం డబ్బే, మా ఆయన తాపీపని. అందుకే నీ పోస్టు చూసి పని పక్కన పెట్టి రాస్తున్నా.

తమ్ముడు చెప్పిన యాప్ జీతగాళ్లకు బాగా పనికొస్తుంది. ఒకటో తారీఖున మొత్తం జీతం పడితే, అది ఎటు పోయిందో చూసుకుంటే చాలు. నీకు కావాల్సింది వేరు. శనివారం నీ చేతికొచ్చిన 6,900లో ఈ వారం ఖర్చు పెట్టుకోవడానికి నీది ఎంత, అద్దె ఇంటివాళ్లది ఎంత, బండిది ఎంత, ఇది ఆ సాయంత్రమే తేలాలి. ఖర్చయ్యాక రాసే పుస్తకం ఆ సంగతి చెప్పదు.

నీ తేదీలు ఒకసారి చూడు. నెలకు కట్టాల్సినవి మొత్తం 15,000. అందులో 12,400 ఒక్క 5 నుంచి 15 లోపే కట్టాలి. 20 దాటాక నీకు కట్టాల్సిందేమీ లేదు. ఆ శనివారాల్లో డబ్బు బాగా కనిపించడానికి కారణం అదే. అది మిగులు కాదమ్మా, రాబోయే 5న కట్టాల్సిన అద్దె ముందే వచ్చి నీ బీరువాలో కూర్చుంది. దాన్ని మనదనుకుని పిల్లలకు చెప్పులు కొంటాం, చుట్టాలొస్తే కోడి తెస్తాం. ఎవరి తప్పూ లేదు, పుస్తకంలో దానికి పేరు రాసి లేదంతే.

కాబట్టి 15,000ని నాలుగుతో భాగించు. 3,750. ఏ శనివారం డబ్బు వచ్చినా ముందు 3,750 పక్కకు పోవాలి. మేం దాన్ని వాటా అంటాం. మిగిలిందే నీ వారం. మంచి వారంలో 3,150 మిగులుతుంది, ఇంటికి 2,200 పోగా 950 ఉంటుంది.

ఇక పుస్తకం. ఆ ప్లానర్ సోమవారంతో మొదలైతే నీకు కుదరదు. నీ వారం డబ్బు చేతికొచ్చిన శనివారంతో మొదలై శుక్రవారంతో ముగియాలి. గళ్ల ప్లానర్ అక్కర్లేదు, ఒక లాంగ్ నోట్‌బుక్ తీసుకో. ఎదురెదురు రెండు పేజీలు ఒక వారానికి. ఎడమ పేజీ పైన ప్రారంభ నిల్వ రాయి. అందులో వాటా డబ్బు ఎంత, ఇంటి డబ్బు ఎంత, రెండూ విడివిడిగా. దాని కింద జమ: ఆయన కూలీ, నీ కుట్టుపని. కుడి పేజీ పైభాగంలో ఈ శనివారం నుంచి శుక్రవారం లోపు ఏ తేదీన ఏం కట్టాలో ముందే రాసుకో. కింది భాగంలో రోజు ఖర్చులు. పాలకూర పది రూపాయలు రాయనక్కర్లేదు, కూరగాయలని రోజుకు ఒక అంకె చాలు. అంత సన్నగా రాస్తే మూడో వారానికి విసుగొచ్చి పుస్తకం మూలన పడుతుంది. సంఘాల్లో అలా ఆగిపోయిన పుస్తకాలు చాలా చూశాను.

శుక్రవారం రాత్రి ముగింపు నిల్వ వేసి, డబ్బు లెక్కపెట్టి సరిచూడు. ఇది మాత్రం మానొద్దు. ఇరవయ్యో ముప్పయ్యో తేడా వస్తే తేడా అని రాసి ముందుకు పో. మూడు వందలు తేడా వస్తే మాత్రం ఆ రాత్రే ఇద్దరూ కూర్చుని గుర్తు చేసుకోండి. ఆదివారానికి ఎవరికీ గుర్తుండదు.

జాకెట్లు పట్టుకెళ్లి తర్వాత ఫోన్‌పే చేస్తామనే వాళ్లుంటారు కదా. ఆ డబ్బు జమలో రాయకు. పుస్తకం చివరి పేజీలో రావాల్సినవి అని పెట్టి పేరు, ఎంత రావాలో, తేదీ రాసుకో. చేతికొచ్చిన వారమే అది జమ.

పని తగ్గిన వారం సంగతి చెప్తా. 3,600, నీ 1,200 కలిపి 4,800. వాటా తీస్తే 1,050 మిగులుతుంది, ఇంటికి 1,150 తక్కువ పడుతుంది. చాలామంది ఇక్కడే వాటాలో చెయ్యి పెడతారు. మంచి వారాల్లో మిగిలిన 950లు పక్కన పెట్టి ఉంచితే వాటాను ముట్టుకునే పని ఉండదు. నెలలో మూడు మంచి వారాలు, ఒకటి తగ్గిన వారం అనుకో. 2,850లో 1,150 పోయినా 1,700 ఉంటుంది. రెండు వారాలు తగ్గితే నాలుగు వందలు లోటు. అందుకే శ్రావణం ముందు నీకు ఎక్కువగా వచ్చే కుట్టుడబ్బును మొదట ఒక వారం వాటా, అంటే 3,750 నిల్వ చేయడానికే వాడు. కాంట్రాక్టరు ఒక శనివారం ఎగ్గొట్టినా బండి ఈఎంఐ బౌన్స్ కాదు.

ఇంకొకటి. నాలుగుతో భాగించమన్నాను కానీ ఏడాదికి శనివారాలు 48 కాదు, 52. ఈ 2026లో జనవరి, మే, ఆగస్టు, అక్టోబరు నెలల్లో ఐదేసి శనివారాలున్నాయి. 52 వారాలూ వాటా తీస్తే 1,95,000 అవుతుంది, నువ్వు కట్టాల్సింది 1,80,000. మిగిలే 15,000 పాప ఫీజు. 18,000కి ఇంకో మూడు వేలే కావాలి, అంటే వారానికి అరవై రూపాయలు కూడా కాదు. ఫీజు కోసం వేరే అప్పు చేయాల్సిన అవసరం నీకు లేదు. ఫోన్ రీఛార్జి కూడా చూసుకో, 28 రోజులదైతే సరిగ్గా నాలుగు వారాలకోసారి వస్తుంది, ఏడాదికి పదమూడు సార్లు. నెలకొకసారే అనుకుంటే పదమూడోది ఎక్కడో ఒకచోట తగులుతుంది.

ఇంకా గట్టిగా చెప్పాల్సింది ఉంది. మనకు వారం వారం డబ్బు వస్తుందని తెలిసి, వారం కిస్తీ అప్పు ఇస్తామని గుమ్మంలోకి వస్తారు. వారానికి 600 కడితే చాలంటారు. ఏడాదికి అది 31,200. మా ఊళ్లో 2010కి ముందు ఒక్కో ఇంటికి మూడేసి మైక్రోఫైనాన్స్ కంపెనీలు, అంటే ఇలా చిన్న అప్పులిచ్చేవి, వసూలుకు వచ్చేవి. ఒకదాని కిస్తీ కట్టడానికి ఇంకోదాని దగ్గర తీసుకునేవాళ్లు. సంఘం మీటింగుకు రావడానికి మొహం చెల్లక ఆడవాళ్లు ఇంట్లోనే ఉండిపోయేవాళ్లు. 2010 అక్టోబరులో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈ కంపెనీలను కట్టడి చేస్తూ ఆర్డినెన్స్ తెచ్చి, మరుసటి ఏడాది చట్టం చేసింది. వారం వసూళ్లు పోయి నెల వసూళ్లు వచ్చాయి. రిజర్వు బ్యాంకు దగ్గర నమోదైన కంపెనీలకు ఆ చట్టం వర్తించదని 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు చెప్పింది. మళ్లీ బళ్ల మీద ఊళ్లోకి వస్తున్నారు. రిజర్వు బ్యాంకు 2022 నుంచి పెట్టిన నిబంధన ఒకటుంది. ఇలాంటి అప్పు ఇచ్చేటప్పుడు ఆ ఇంటి అప్పుల కిస్తీలన్నీ కలిపి నెల ఆదాయంలో సగం దాటకూడదు. వారానికా, నెలకా అనేది కూడా మన వీలును బట్టి ఉండాలి. ఎవరైనా వస్తే ఈ రెండూ అడుగు. నీ పుస్తకంలో వాటా, ఇంటి ఖర్చు పోగా మిగిలే 950 చూసి, ఇందులోంచి 600 ఎలా కట్టాలో నిన్ను నువ్వే అడుగు.

తెనాలి_టైలరింగ్

అక్కా, రెండుసార్లు చదివాను. 20 తర్వాత కట్టాల్సిందేమీ లేదన్న మాట దగ్గర మా ఆయన కూడా ఆగిపోయారు. ఇన్నాళ్లూ ఆ వారాల్లోనే మేం బట్టలు, సామాన్లు కొంటున్నాం.

రెండు సందేహాలు. మొదటిది, ఇప్పుడే తడుముకుంటున్నదాన్ని, ఒక నెల ముందు డబ్బు ఎక్కడి నుంచి తెచ్చి మొదలుపెట్టను? రెండోది, వాటా డబ్బు ఇంట్లో ఉంటే ఎవరో ఒకరు అడుగుతారు. మా ఆడపడుచు వాళ్లు పక్క వీధిలోనే ఉంటారు, లేదనలేను. ఎక్కడ పెట్టాలి?

వైరా_యానిమేటర్

నెల ముందు డబ్బు అక్కర్లేదు. ఎక్కడ మొదలుపెడతావన్నదే ముఖ్యం. ఒకటో తారీఖున మొదలుపెట్టకు. 15న చీటీ కట్టేశాక వచ్చే శనివారం మొదలుపెట్టు. ఈ జూలై లెక్కే తీసుకో. 18న 3,750 పక్కన పెట్టావు, అందులోంచి 20లోపు పాలకు, కరెంటుకు 2,600 ఇచ్చావు, 1,150 ఉంది. 25న ఇంకో వాటా, 4,900. ఆగస్టు 1న ఇంకోటి, 8,650. 5న అద్దె, 7న ఈఎంఐ పోతే 350. 8న మళ్లీ వాటా పడితే 4,100. 10న డ్వాక్రా 2,100, 15న చీటీ 2,000. సరిగ్గా సరిపోయింది. ఎవరినీ చేబదులు అడగలేదు చూడు.

డ్వాక్రా వాయిదా మాత్రం ఒక్క రోజు కూడా దాటనీయకు. సకాలంలో కట్టిన సంఘాలకే వడ్డీ రాయితీ వస్తుంది. నీ ఒక్కదాని వాయిదా ఆగితే పదిమందికీ నష్టం.

ఎక్కడ పెట్టాలన్నది బ్యాంకు సంగతి తెలిసినవాళ్లు చెప్తే బాగుంటుంది.

గుంటూరు_బ్యాంకు_రిటైర్డ్

అమ్మా, నేను బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. ఆ రెండో సందేహానికి నాకు తెలిసింది చెబుతాను.

మీ పేరు మీద ఒక బేసిక్ సేవింగ్స్ అకౌంటు ఉందేమో చూడండి. జన్‌ధన్‌లో తెరిచినవి అలాంటివే. అందులో మినిమం బ్యాలెన్స్ పెట్టనక్కర్లేదు. ఆ అకౌంటును వాటాకు మాత్రమే వాడండి. ముఖ్యంగా దాన్ని ఏ యూపీఐ యాప్‌కీ కలపకండి. ఫోనులో కనిపించే డబ్బు ఎవరైనా అడిగితే ఇచ్చేస్తాం, కనిపించనిది అడిగినా గుర్తుకు రాదు. శనివారం మీ ఆయన రోజు ఖర్చుల అకౌంటు నుంచి ఆ అకౌంటుకు పంపొచ్చు, నగదైతే సోమవారం ఊళ్లోని కస్టమర్ సర్వీస్ పాయింట్‌లో, అంటే బ్యాంకు తరఫున డబ్బు తీసుకునే చిన్న కేంద్రంలో, వేయొచ్చు. తీసేటప్పుడు మాత్రం చూసుకోండి, నెలకు నాలుగు సార్లు దాకా ఉచితం.

బండి ఈఎంఐ మ్యాండేట్‌ను, అంటే అకౌంట్లోంచి కట్ చేసుకోమని మీరిచ్చిన అనుమతిని, ఆ అకౌంటుకే మార్చమని ఫైనాన్స్ వాళ్లకు రాసివ్వండి. తేదీని 10కో 12కో మార్చమని కూడా అడగండి. చాలాచోట్ల ఒకసారికి ఒప్పుకుంటారు. ఇంకో సంగతి, 2021 ఆగస్టు 1 నుంచి ఈ ఆటో డెబిట్లు ఆదివారాలు, సెలవు రోజుల్లో కూడా నడుస్తున్నాయి. 7వ తేదీ ఆదివారం వస్తే సోమవారం వేద్దాంలే అనుకోవద్దు. ముందురోజు సాయంత్రానికే డబ్బు ఉండాలి.

మీ పుస్తకంలో మే నెల చివరి వారం కుడి పేజీలో ఇప్పుడే ఒక లైను రాసిపెట్టండి. ప్రధానమంత్రి పథకాల్లోని ప్రమాద బీమా (సురక్షా బీమా) 20 రూపాయలు, జీవన్ జ్యోతి బీమా 436 రూపాయలు. రెండూ ఏడాదికోసారి జూన్ 1కి ముందు అకౌంట్లోంచి కట్ అవుతాయి, ఒక్కోదానికి రెండు లక్షల కవరేజీ. మీ ఆయన నిచ్చెనలెక్కి కరెంటు పని చేసే మనిషి, ఇవి లేకుండా ఉండకూడదు. జీవన్ జ్యోతిలో చేరడానికి యాభై ఏళ్లు దాటకూడదు, ప్రమాద బీమాకు డెబ్బై దాకా ఉంది. ఆ వారం అకౌంటు ఖాళీగా ఉంటే పాలసీ ఆగిపోతుంది, చాలామందికి అలా ఆగిపోయినట్టు కూడా తెలియదు.

చీటీ ఎవరి దగ్గర వేస్తున్నారో రాయలేదు. వీధిలో తెలిసినావిడ దగ్గరైతే, 1982 చిట్‌ఫండ్స్ చట్టం కింద రిజిస్టర్ అయిందో లేదో అడగండి. కాకపోతే ఇది పూర్తయ్యాక మళ్లీ చేరొద్దని నా మాట. ఆ 2,000ని పోస్టాఫీసు ఆర్‌డీలో, అంటే నెల నెలా కట్టే రికరింగ్ డిపాజిట్‌లో, వేసుకోండి. నెలకు వంద రూపాయలతోనైనా మొదలుపెట్టొచ్చు, ఐదేళ్ల గడువు. నెల 15లోపు తెరిస్తే ప్రతి నెలా 15లోపు కట్టాలి, 16 తర్వాత తెరిస్తే నెలాఖరు దాకా కట్టొచ్చు. మీరు 16 తర్వాతే తెరవండి. ఆ మొదటి పదిహేను రోజుల భారం కొంచెం తగ్గుతుంది.

తెనాలి_టైలరింగ్

చాలా థ్యాంక్సండి. చీటీ మా వీధిలోనే, రిజిస్టర్ చేసింది కాదు. ఇంకా ఏడు నెలలుంది. డిసెంబరులో పాట పాడి తీసేసుకుందామా, చివరిదాకా ఆగుదామా అని మా ఇద్దరికీ వాదన నడుస్తోంది. నేను ఆగాలంటాను, చివరివాళ్లకే ఎక్కువ వస్తుంది కదా. ఆయన ముందే తీసుకోవాలంటారు.

వైరా_యానిమేటర్

రిజిస్టర్ కాని చీటీలో చివరిదాకా ఆగితే వచ్చే లాభం కన్నా ఆగడం వల్ల భయం ఎక్కువ. మీ ఆయన మాటే నాకు సరిగా తోస్తోంది. కానీ పాడి తెచ్చిన డబ్బు ఎందుకో పుస్తకంలో రాసి పెట్టుకున్నాకే పాడండి. ముందు ఒక వారం వాటా నిల్వ నింపండి, తర్వాత టర్ము ఫీజు, మిగిలింది డ్వాక్రా బాకీ అసలులోకి. పాట అయ్యాక కూడా నెల నెలా 2,000 కట్టాలి కాబట్టి వాటా 3,750 తగ్గించకు. మొదటి నాలుగు వారాల పేజీలు రాశాక ఇక్కడ పెట్టు, తీసివేతలు నేను సరిచూస్తా.